కాశీలో వదిలిన పల్లీలు

పొన్నూరు,
8 జూన్ 1998

తమ్ముడు హరనాథబాబుకు,

అక్క దీవెనలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ బావగారి మోకాలు ఒక్కటే కులాసాగా లేదు. దాని సంగతి ఆయన్ని అడిగితే రెండు పేజీలు రాస్తారు గనక అడక్కు.

సంతోషమైన వార్త ముందు రాస్తాను. మన సిరీషకు రుద్రూర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. మన రెండు వైపులా కలిపి ఉద్యోగం చేసే ఆడపిల్ల ఇదే మొదలు. ఆర్డరు కాగితం వచ్చిన రోజు దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది, పిచ్చిపిల్ల. రుద్రూర్ మీ బాన్సువాడకు దగ్గరేనట గదా, మీ ఇంట్లో ఉండి బస్సులో వెళ్ళొస్తుంది. మరదలికి చెప్పు, మేడమీద గది కడిగించమని.

ఇక అసలు సంగతి. దానికి వేరుశనగ పడదు. ఇష్టం లేకపోవడం కాదురా, పడదు. నీకు గుర్తుందో లేదో, ఎనిమిదేళ్ళప్పుడు పక్కింటివాళ్ళ పెళ్ళిలో వేరుశనగ ఉండ సగం కొరికింది. మూతి బూరెలా పొంగి, ఊపిరి అందక, నా ఒళ్ళోనే కళ్ళు తేలేసింది. డాక్టరు ఇంజెక్షనిచ్చి బతికించి, “మళ్ళీ తింటే ఇంత వ్యవధి కూడా ఇవ్వకపోవచ్చమ్మా” అన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో ఆ గింజ అడుగు పెట్టలేదు. నీ హోటల్లోనేమో మంచినీళ్ళు తప్ప అన్నిట్లోనూ అదే. నిరుడు వచ్చినప్పుడు కళ్ళారా చూశాను. పైగా మీ ఇంట్లో పొయ్యి వెలిగించరు, హోటలు వంటే మీ వంట. అందుకే నా భయం. గింజ, పొడి, నూనె, చివరికి వాటిలో పెట్టిన గరిటె కూడా పిల్ల దగ్గరికి రాకూడదు.

ఇంకో మాట. ఇది జబ్బని ఊళ్ళో చాటింపు వెయ్యకు. పెళ్ళి కావలసిన పిల్ల. ఇక్కడ పడదని చెబితే నాలుగూళ్ళు తిరిగి వచ్చేసరికి మూర్ఛ అయి కూర్చుంటుంది. ఏదో ఒకటి చెప్పి గుట్టుగా సంబాళించు. అబద్ధాలు నీకు కొత్త కాదుగా.

ఫోను చెయ్యకు. ఎస్.టి.డి. బూతులో మీటరు తిరుగుతుంటే నాకు నోట మాట రాదు. ఉత్తరమే రాయి.

ఒక్కగానొక్క పిల్లను నీ చేతిలో పెడుతున్న
హనుమాయమ్మ


బాన్సువాడ,
24 జూన్ 1998

అక్కయ్యకు నమస్కారాలు. బావగారి మోకాలికి కూడా.

సిరీష క్షేమంగా చేరింది. పొద్దున్నే రుద్రూర్ బస్సెక్కుతుంది. సాయంత్రం వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చుని చెరుకు తెగుళ్ళ గురించి చెబుతుంది. రైతులు దోసెలు చల్లారబెట్టుకుని మరీ వింటున్నారు. అలా చల్లారిన దోసెలకు నన్ను తిడుతున్నారు, అది వేరే సంగతి.

నువ్వు రాసిన విషయం నేను చాలా తెలివిగా చక్కబెట్టాను. ముందు నా కష్టం విను. మన త్రికోటేశ్వర విలాస్‌లో వంటంతా పండరి చేతిలో ఉంది. దెగ్లూర్ వైపు మనిషి, సగం మరాఠీ, సగం తెలుగు. నియమం కలవాడు. వంట మధ్యలో చుక్క కూడా నాలుక మీద వేసుకోడు, ఎంగిలవుతుందని. ఉప్పు చాలిందో లేదో వాసన చూసి చెబుతాడు. ఒకసారి ఎవరో గిరాకీ తను తినే చెంచాను చట్నీ గిన్నెలో ముంచాడని గిన్నెడు చట్నీ మోరీ కాలవలో పోశాడు. అంతటివాడికి ప్రాణం పల్లీ. “పల్లీ లేని చట్నీ గూడ చట్నీయేనా సేటు? నీళ్ళల్ల పచ్చిమిర్చి” అంటాడు. వాడితో పల్లీ పడదంటే నవ్వుతాడు. జబ్బని చెప్పవద్దని నువ్వంటివి. బాగా ఆలోచించి, సిరీష వాళ్ళ నాయనమ్మతో కాశీకి పోయినప్పుడు పల్లీలు అక్కడ వదిలేసి వచ్చిందని చెప్పాను.

ఎలా ఉంది? కాశీలో కాయో పండో వదిలి రావడం అందరికీ తెలిసిందే. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగరు. పండరి ఠక్కున చెంపలు వేసుకున్నాడు. “అరే దేవా! గంత చిన్న పిల్ల పల్లీలు ఇడిసిందా? మా అవ్వ దోసకాయ ఇడిసింది, గదీ అరవయ్యేండ్లకు!” అని. ఇప్పుడు ఆమె ప్లేటులో గింజ కనబడకుండా వాడే చూసుకుంటున్నాడు. ఊళ్ళో పిల్లకు భక్తురాలని పేరొచ్చింది. “నిజం చెబితే ఏం పోతుంది మామయ్యా” అని సిరీష గొణిగింది గానీ, మీ అమ్మే వద్దందంటే ఊరుకుంది.

కాబట్టి ఏమీ ఫికర్ చెయ్యకు.

నీ తెలివైన తమ్ముడు,
హరనాథబాబు


పొన్నూరు,
6 జులై 1998

తమ్ముడూ,

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. వాళ్ళ నాయనమ్మ జన్మలో మంగళగిరి దాటలేదు!

ట్రాక్టరు సామాన్ల పని మీద మా వీధి ఏడుకొండలు అటు వచ్చి నీ హోటల్లో భోంచేశాడట. తిన్నవాడు ఊరుకోకుండా కాశీ కబురు మోసుకొచ్చాడు. ఇప్పుడు నేను గుమ్మంలోకి వస్తే చాలు. కాశీకెళ్ళి ఒక్క మాటైనా చెప్పలేదేమని ఒకరు, గంగ చెంబు ఎవరికీ పంచలేదేమని ఒకరు, వచ్చాక నలుగురికీ సమారాధన పెట్టరా అని ఇంకొకరు. మా తోటికోడలైతే మాట్లాడ్డం మానేసింది. అత్తగారిని కాశీకి తీసుకెళ్ళి, పుణ్యమంతా నేనొక్కదాన్నే మూటగట్టుకున్నానట. పోనీ మా అత్తగారినే అడగండమ్మా అన్నాను. ఆవిడకు ఎనభై ఆరు. కాసేపు ఆలోచించి, “వెళ్ళాం. నీళ్ళు చల్లగా ఉన్నాయి” అంది. ఇంక నేనేం చెప్పను?

నవ్వింది చాలు, ఇది చదువు. సిరీష ఉత్తరంలో నాలుగు రోజులుగా రాత్రి భోంచేశాక పెదవులు దురద పెడుతున్నాయని రాసింది. మామయ్యకు చెప్పకమ్మా, బాధపడతాడు అని కూడా రాసింది. నూనె మార్చావా లేదా? నీ హోటలు నూనె ఏమిటో నాకు తెలుసు. నువ్వు దాన్ని పల్లీ అను, పప్పీ అను, నా కూతురి గొంతుకు రెండూ ఒకటే. గరిటె విడిగా పెట్టించావా? ఈ రెండు ముక్కలకూ జవాబు రాయి. మిగతా గొప్పలు తర్వాత.

కాశీ వెళ్ళని
హనుమాయమ్మ


బాన్సువాడ,
21 జులై 1998

అక్కయ్యకు,

నమస్కారాలు. నీ ఉత్తరం అందిన రోజే నూనె సంగతి తేల్చాను. తేల్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

నూనె మార్చమంటే పండరి ఒప్పుకోలేదు. “ఇడిసింది గింజ సేటు. నూనె గింజ ఎట్లయితది? మామిడిపండు ఇడిసినోళ్ళు మామిడి చెక్క మీద కూసుంటలేరా?” అన్నాడు. హోటల్లో ఉన్నవాళ్ళంతా టిఫిన్లు ఆపి రెండు జట్లయ్యారు. అటు పండరి, ఇటు కోటగిరి నుంచి వచ్చే వెంకట్రాములు. ఇతను చెరుకు రైతు, మనకు రోజువారీ గిరాకీ. ఎప్పుడో కాశీలో వంకాయ వదిలేశాడు. అందుకని ఈ విషయాల్లో అతని మాటకు విలువ.

“ఇడిసుడంటే మొత్తం ఇడుసుడే. నేను వంకాయ ఉడికిన సాంబారు గూడ ముట్ట. గా గంటె గూడ ముట్ట” అని బల్ల గుద్దాడు వెంకట్రాములు. ఆ దెబ్బతో సిరీష వంటకు పొద్దుతిరుగుడు నూనె వచ్చింది. దురద తగ్గిందని పిల్ల చెప్పింది. నీ మొదటి ముక్కకు జవాబు అది.

గరిటె దగ్గర మాత్రం వెంకట్రాములు ఓడిపోయాడు. “గంటెకేం పాపం సేటు? కడిగితే పోతది” అన్నాడు పండరి. వడ్డించే లోక్యా నాలుగు గిన్నెల చట్నీ స్టాండు పట్టుకుని అందరి దగ్గరికీ ఒకే గరిటెతో తిరుగుతాడు. సిరీష చట్నీ తినదు గనక దానివల్ల వచ్చిన నష్టం లేదని నేనూ అనుకున్నాను. చివరికి పెద్దలంతా కలిసి ఒక మాట మీదికి వచ్చారు. ఎంత వదిలేసినా, తెలియక తింటే దోషం లేదు. దానికి అందరూ తలలూపారు. నేనూ ఊపాను.

అన్నట్టు పండరికి సిరీష మీద మహా జాలి. “ఆడబిడ్డ, ఇల్లిడిసి వచ్చింది, వట్టి ఇడ్లీ తింటుంది, చూస్తె పాణం ఉసూరంటది” అంటాడు. ఇంత మంచి మనుషుల మధ్య ఉంది పిల్ల. నువ్వు హాయిగా ఉండు.

నీ తమ్ముడు,
హరనాథబాబు


పొన్నూరు,
4 ఆగస్టు 1998

తమ్ముడికి ఆశీస్సులు.

నూనె మార్చావని చదివి ఊపిరి పీల్చుకున్నాను. గరిటె కూడా మార్చేస్తే పూర్తిగా పీల్చుకుంటాను.

నీ కాశీ కథకు ఇక్కడ నేనే మంగళం పాడాను. ఈ వీధి నోళ్ళు మూతపడాలంటే ఒకటే దారి కనబడింది. నిన్న సమారాధన పెట్టేశాను. పూర్ణం బూరెలు, పులిహోర (జీడిపప్పుతో), వంకాయ మెంతికారం. మీ బావగారు నా ముఖం కూడా చూడకుండా నాలుగుసార్లు పులిహోర పెట్టించుకున్నారు. గంగనీళ్ళు లేవుగా, మెట్టవీధి శాస్త్రిగారింట్లో ఎప్పటిదో సీలు వేసిన చెంబు ఉంటే అడిగి తెచ్చాను. అందరూ కళ్ళకద్దుకున్నారు. మా అత్తగారు కాశీలో పడవ ఎక్కిన వైనం చెబుతుంటే కొందరు కంట నీరు పెట్టుకున్నారు. నాకే ఒక క్షణం మేం వెళ్ళామేమో అనిపించింది.

తోటికోడలు మళ్ళీ మాట్లాడుతోంది. మాట్లాడకుండా ఉన్న రోజులే బాగున్నాయి.

పిల్ల బాగా తింటోందా? చిక్కిందా? దానికి టమాటా పచ్చడి ఇష్టం, పండరితో చెప్పి చేయించు.

బూరెలు వండి నడుం పట్టేసిన
అక్క


బాన్సువాడ,
5 ఆగస్టు 1998

అక్కయ్యా,

ముందు ఈ ఒక్క వాక్యం చదువు. సిరీష బాగుంది. నా ఎదురుగా కూర్చుని పాలల్లో బ్రెడ్డు ముంచుకుని తింటోంది. ఇప్పుడు మిగతాది చదువు.

నిన్న సాయంత్రం పండరి టమాటా చట్నీ చేశాడు, పిల్ల కోసం ప్రత్యేకంగా. రుచి రావాలని అందులో గుప్పెడు పల్లీలు వేయించి, గింజ ఆనవాలు లేకుండా మెత్తగా నూరి కలిపాడు. ఆమెకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు. చెబితే పాపం ఆమెకు అంటుతుంది, చెప్పకపోతే అంటదు. మేమంతా కలిసి తేల్చిన ధర్మమే కదా.

రెండో ఇడ్లీ సగంలో, “మామయ్యా, గొంతు” అంది సిరీష. అంతే. పెదవులు వాచాయి, మెడంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి కోసం బల్ల అంచు పట్టుకుంది. నేను లేచి మంచినీళ్ళ గ్లాసు వెతుక్కున్నానక్కా. “జరుగుండ్రి” అని వెంకట్రాములు ఆమెను ఎత్తుకుని తన జీపులో వేశాడు. దవాఖానలో డాక్టరు ఏం తిన్నదని అడిగితే నా నోటికి “కాశీలో...” అని వచ్చింది. నా భుజం పట్టి పక్కకు లాగి, “పల్లీ తిన్నది సార్, ఆమెకు పడదు” అన్నాడు వెంకట్రాములు. అతనికెవరు చెప్పారో నాకు తెలియదు. డాక్టరు వెంటనే ఇంజెక్షనిచ్చాడు. కాసేపటికి ఊపిరి కుదుటపడింది. రాత్రంతా అక్కడే ఉంచుకుని పొద్దున పంపాడు. ఎప్పుడూ ఒక ఇంజెక్షను దగ్గర పెట్టుకోమని, ఎలా చేసుకోవాలో నేర్పి మరీ పంపాడు.

పండరి దవాఖాన మెట్ల మీద కూర్చుని, “జెప్తే పాపమైతదని జెప్పలే సేటు” అని తల బాదుకున్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. నేను చెప్పిన అబద్ధానికి వాడు సరిగ్గానే నడుచుకున్నాడు. పిల్ల పోయి ఉంటే నీకు ఏమని ఉత్తరం రాసేవాణ్ణి? పొద్దుటినుంచి అదే తలుస్తున్నాను.

హరనాథ


పొన్నూరు,
12 ఆగస్టు 1998

హరనాథా,

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎదురుపడి ఉంటాయి. నేను ఇక్కడ ఊరందరికీ బూరెలు వడ్డించిన మర్నాడు అక్కడ నా బిడ్డ ఊపిరాడక కొట్టుకుంది. టమాటా పచ్చడి చేయించమని రాసింది కూడా నేనే.

ఇంకేమీ వినను. ఆదివారం దాన్ని బస్సెక్కించు. ఉద్యోగం వద్దు, ఏమీ వద్దు. ఇది లేకపోతే రుద్రూర్‌లో చెరుకు మొలవడం మానదు. మా ఇంట్లో ఇన్నేళ్ళు చీమైనా కుట్టకుండా బతికింది.

గుట్టుగా సంబాళించమన్నాను గానీ కాశీకి పంపమని ఎవరు చెప్పారు నీకు?

అక్క


బాన్సువాడ,
25 ఆగస్టు 1998

అక్కయ్యా,

నమస్కారం. ఆదివారం బస్సు ఖాళీగానే వెళ్ళింది. సిరీష రానంటోంది. దాని మాటలు దాని మాటల్లోనే రాస్తున్నాను. “అమ్మకు రాయండి మామయ్యా. ఏ ఊరెళ్ళినా హోటలు ఉంటుంది, గరిటె ఉంటుంది. ఇంట్లోనే దాక్కుని బతకమంటే ఆ ఆర్డరు కాగితం దిండు కింద పెట్టుకుని ఏం లాభం?” దీనికి జవాబుంటే నువ్వే రాయి.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడే గల్లాపెట్టె ముందు నిలబడి నిజం చెప్పేశాను. కాశీ లేదు, ఏమీ లేదు, పిల్లకు పల్లీ పడదు, తింటే ప్రాణం మీదికి వస్తుంది అని. ఏం లాభం? నవ్వారు. “పల్లీ తింటే మనిషి పోతడా సేటు? అట్లయితే బాన్సువాడల ఒక్కడు మిగలడు” అన్నారు. కాశీ అంటే చెంపలు వేసుకున్నవాళ్ళే, నిజమంటే నమ్మరు! పండరి నమ్మాడు గానీ వాడింకో రకం. పెరట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు, గరిటె పట్టనంటాడు. లోక్యాతో వండించాను. ఆ ఉప్మా గురించి రాయను.

చివరికి సిరీషే వాడి దగ్గరికి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

“పండరన్నా, సాంబారులో ఎవరైనా ఎంగిలి గరిటె పెడితే ఏం చేస్తావు?”

“పారబోస్త.”

“ఒక్క చుక్కే కదా?”

“ఒక్క సుక్కయితేంది, ఎంగిలి ఎంగిలే.”

“పెట్టినవాడు తెలియక పెడితే?”

“తెల్వకుంటె మాత్రం ఎంగిలి గాకుంట పోతదా బిడ్డా?”

“నాకు పల్లీ అలాగే అన్నా. చుక్కయినా అంతే, తెలియకపోయినా అంతే.”

పండరి తుండుగుడ్డ దులుపుకుని లేచి నా మీద పడ్డాడు. “గీ ముచ్చట ముందుగల్ల జెప్పాలె గద సేటు! కాశీ గీశీ అని నన్ను ఆగం జేస్తివి!”

అప్పటినుంచి వంటింట్లో రాజ్యం మారిపోయింది. పెరటి వైపు విడిగా ఒక పొయ్యి, విడిగా నూనె, విడిగా రోలు. అక్కడి గరిటెలన్నిటికీ ఎర్రదారం కట్టాడు. ఎర్రదారం గరిటె పొరపాటున ఇవతల గిన్నె తాకిందా, మళ్ళీ కడిగి మరిగించే దాకా పనికిరాదు. లోక్యా పల్లీ చట్నీ వడ్డించిన చేత్తో అటు అడుగు పెడితే “ఎంగిలి చెయ్యి!” అని లోపలినుంచి అరుస్తాడు. కొత్త గిరాకీలు హడలిపోయి వాళ్ళ చేతులు చూసుకుంటున్నారు.

గోడకు ఒక బోర్డు కూడా రాయించాను. “మీ ఒంటికి పడనిది ఏదైనా ఉంటే కూర్చోగానే చెప్పండి. దేనిలో ఏమి వేశామో మేము చెబుతాము. మొక్కు వేరు, పడకపోవడం వేరు. దయచేసి రెండూ కలపవద్దు.” మొదట్లో ఎగతాళి చేశారు. తనకు పెళ్ళాం వంట పడదని ఒకడు, మామగారు పడడని ఇంకొకడు.

తర్వాత ఒక మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, వెంకట్రాములు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, “అన్నా, నేను కాశీకి పోలే” అన్నాడు.

వంకాయ తింటే అతనికి గొంతులో దురద, ఒళ్ళంతా దద్దుర్లు. చిన్నప్పటినుంచీ అంతే. “మొగోనికి వంకాయ పడదంటె నవ్వుతరని జెప్పలే. పెండ్లయి పదిహేనేండ్లాయె, మా ఇంటామె ప్రేమలకు గూడ తెల్వదు. పాపం, నా నేమం చెడొద్దని ఆమె గూడ వంకాయ తింటలేదు” అన్నాడు. ఆ రోజు దవాఖానలో అంత ఠక్కున ఎలా చెప్పాడో అప్పుడు అర్థమైంది. ఇంటికెళ్ళి ప్రేమలకు నిజం చెప్పమని పంపాను. ఆమె పదిహేనేళ్ళ వంకాయల కోసం రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు గుత్తివంకాయ వండుకుని అతని ఎదురుగా కూర్చుని తిన్నదట.

అక్కా, ఇలా ఎంతమంది ఉన్నారో! కాస్త గడువియ్యి. పిల్లను పంపమనకు.

నీ బుద్ధి తెచ్చుకున్న తమ్ముడు,
హరనాథబాబు


పొన్నూరు,
7 సెప్టెంబరు 1998

తమ్ముడూ,

సరే. గడువిచ్చాను. కానీ నీ మాట మీద కాదు, నా కళ్ళ మీద. నేనే వచ్చి నీ వంటిల్లు చూస్తాను. ఎప్పుడొస్తానో చెప్పను. చెబితే ఆ పూటకు కడిగి పెడతావు. ఒక్క గింజ కనబడినా పిల్లను వెంటబెట్టుకుని అదే బస్సుకు తిరిగొస్తాను.

మీ బావగారు నేను లేని నాలుగు రోజులూ హాయిగా ఉంటుందని ఆశపడుతున్నారు. తోటికోడలికి అప్పజెప్పి వస్తాను.

హనుమాయమ్మ


బాన్సువాడ,
15 నవంబరు 1998

అక్కయ్యకు నమస్కారాలు.

నువ్వు క్షేమంగా చేరినట్టు సిరీష చెప్పింది. నువ్వు వెళ్ళిపోయినా పండరి ఇంకా ఆ రోజు సంగతే చెప్పుకుంటున్నాడు. తనిఖీకి వచ్చిన మనిషిని వంటింటి గుమ్మంలో ఆపి, ముక్కు ఎగబీల్చి, “అవ్వా, నీ చేతులకు పల్లీ వాసన గొడ్తుంది. బయటనే ఆగుండ్రి” అన్నానని వచ్చిన ప్రతివాడికీ అభినయించి చూపిస్తున్నాడు. కామారెడ్డి బస్టాండులో వేయించిన పల్లీల పొట్లం కొనుక్కున్నానని నువ్వు ఒప్పుకున్నప్పుడు నీ మొహం చూడాలి! పదిహేనేళ్ళుగా ఇంట్లో ఒక్క గింజ ముట్టలేదు గదా, పాపం, నాలుక పీకి ఉంటుంది. నేను బావగారికి చెప్పను. సిరీష చెప్పేసింది.

సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగించాకే నిన్ను లోపలికి రానిచ్చాడు చూడు, అప్పుడు నువ్వు నా వైపు తిరిగి “పిల్ల ఇక్కడే ఉండనీ” అన్నావు. ఆ మాట చాలు నాకు.

మొన్న ఒక సంగతి జరిగింది. పెద్ద కొడప్‌గల్ నుంచి ఒకామె చిన్న కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదువుకుంది. పిల్లవాడికి పాలు పడవట. నెయ్యి, పెరుగు, వెన్న ఏదీ తాకకూడదు. వాడు పుట్టాక హోటలు గడప ఎక్కలేదట. పండరి బయటికి వచ్చి, దోసె పెనం మీద వెన్న తగిలిందని దాన్ని పక్కన పెట్టి, కొత్త పెనం ఎక్కించి, దేనిలో ఏముందో ఆమెకు వరుసగా చెప్పాడు. వాడు రెండు దోసెలు తిన్నాడు. ఆమె మాత్రం తినలేదు. వాడి మొహమే చూస్తూ కూర్చుంది. ఆమె దోసె చల్లారిపోయింది. చివరికి వాడు చెయ్యి నాకుతూ “అమ్మా, ఇంకోటి” అంటే కళ్ళు తుడుచుకుని నవ్వింది. నాకూ ఏడుపొచ్చింది, గల్లాపెట్టె తెరిచి చిల్లర వెతుకుతున్నట్టు నటించాను.

నీ
హరనాథబాబు


పొన్నూరు,
20 ఫిబ్రవరి 1999

చిరంజీవి తమ్ముడికి,

సంతోషంతో చెయ్యి ఆడడం లేదు. అయినా వరుసగా రాస్తాను, మధ్యలో చివర చూడకు.

సిరీష సెలవు మీద వచ్చింది కదా, నిన్న పెళ్ళిచూపులు పెట్టుకున్నాం. చీరాల వాళ్ళు. తండ్రి పేరు జగన్మోహనరావుగారు. అబ్బాయి సాయికిరణ్, నిజామాబాదులో బ్యాంకు ఉద్యోగం. అంటే పిల్ల రుద్రూర్ వదలక్కర్లేదు. అంతా బాగుంది గనకే నాకు భయం. జాగ్రత్తగా మాట్లాడు, ఆ సంగతి తర్వాత నెమ్మదిగా చెప్పుకోవచ్చు అని మీ బావగారు రాత్రంతా నాకు పాఠం చెప్పారు. నేనూ సరేనన్నాను.

వాళ్ళు వచ్చారు, కూర్చున్నారు. నేను కాఫీలు తెచ్చి బల్ల మీద పెట్టాను. పెడుతూ అబ్బాయి తల్లి చేతులు చూశాను. చేతులు బాగానే ఉన్నాయి గానీ, నాకు మీ హోటలు బల్ల అంచు పట్టుకున్న నా బిడ్డ చేతులు కళ్ళముందుకొచ్చాయి. ఇంకేం జాగ్రత్త! “అమ్మా, మా అమ్మాయికి వేరుశనగ పడదు. పొరపాటున తింటే ప్రాణం పోతుంది. మీ ఇంట్లో గరిటెలు ఎన్ని?” అనేశాను.

మీ బావగారు కళ్ళు మూసుకున్నారు.

ఆ పెద్దావిడ గ్లాసు కింద పెట్టి, “దానిదేముందండీ, మావాడూ రొయ్యలు తినడు” అంది. చీరాలలో పుట్టి రొయ్యలు తినడేమండీ అన్నాను. “కాశీలో వదిలేశాడు” అంది.

నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. “ఏ సంవత్సరం వెళ్ళారమ్మా కాశీకి?”

ఆవిడ భర్త వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో వసారాలోంచి మా అత్తగారు, “మేం వెళ్ళినప్పుడు మీరు కనబడలేదే!” అంది.

తలుపు వెనక సిరీష నవ్వింది. పెళ్ళిచూపుల్లో పిల్ల అంత గట్టిగా నవ్వడం ఈ వీధిలో ఎవరూ విని ఉండరు. తర్వాత అబ్బాయి నవ్వాడు. తర్వాత ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “మూతి వాచిపోతుందండీ పిల్లవాడికి. సంబంధాలు పోతాయని అలా చెబుతున్నాం” అంది. అంటూనే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం కలిసి చల్లారిన కాఫీలు తాగాం.

వైశాఖంలో ముహూర్తం అనుకున్నాం. పెళ్ళి వంట పండరిదే. వాడు రాకపోతే పెళ్ళి లేదని, వాడి ఎర్రదారం గరిటెల సంగతి కూడా అబ్బాయి తల్లితో చెప్పాను. “ఎర్రదారం అమ్మాయికి, మరి మావాడికి ఏ రంగు?” అని అడిగిందావిడ. పచ్చదారం అన్నాను. కాబట్టి పండరికి చెప్పు, వచ్చేటప్పుడు రెండు రంగుల దారాలూ తెచ్చుకోమని.

విడిదింటి గోడకు నీ బోర్డు కూడా తీసుకురా. ఎవరూ దాచుకోకుండా ముందు నేనే నిలబడి చదువుతాను.

వియ్యపురాలు కాబోతున్న నీ అక్క,
హనుమాయమ్మ